వెనక కారుకూ బ్రేకు కావాలి

అమెరికాలో మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద నడిచే మకాన్. పడక, వంటగది, గుసల్‌ఖానా అన్నీ అందులోనే. అంత పెద్ద బండిలో పాలకీ మందులకీ ఊళ్లో తిరగలేరు కాబట్టి వెనక ఒక చిన్న కారు తగిలించుకుంటారు. దాని నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతూ వస్తాయి. ట్రెయిలర్ ఖర్చు ఉండదు. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలకు ఈ షౌక్ ఉంటే రెండు మాటలు చెప్పాలి.

గేరు న్యూట్రల్‌లో పెడితే చాలనుకోవడం గలత్‌ఫహమీ. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజను నడిస్తేనే గేర్‌బాక్సుకు ఆయిల్ అందుతుంది. ఇంజను ఆపి వందల మైళ్లు లాగితే లోపలి భాగాలు మాడిపోతాయి. జీప్ రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్ చేయవచ్చు, అందుకే దానికంత గిరాకీ. మీ కారు పనికొస్తుందా లేదా అన్నది దోస్తును కాదు, కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌ను అడగండి.

గేర్‌బాక్సు పోతే పైసలే పోతాయి. బ్రేకు సంగతి అలా కాదు. రాంగ్లర్ బరువు సుమారు 1,800 కిలోలు. ముందు బండి ఆగబోతుంటే ఆ బరువు వెనక నుంచి నెడుతుంది. కాబట్టి వెనక కారు బ్రేకు కూడా నొక్కే ఏర్పాటు, కొక్కెం ఊడితే దానంతటదే బ్రేకు వేసే స్విచ్, సేఫ్టీ చెయిన్లు ఉండాల్సిందే.

"మా రాష్ట్రంలో కానూన్ అడగదు" అంటారు కొందరు. రాష్ట్రానికో కానూన్ ఉన్న మాట నిజమే. కానీ ముందు ఆగి ఉన్న కారులో ఎవరి ఔలాదో ఉంటుంది. పైసలు ఇంకెక్కడైనా మిగల్చండి, ఇన్సాన్ జాన్ దగ్గర వద్దు.