కిలోలు తగ్గితే చాలదు, షుగర్ కూడా దిగాలి



ఊరికి వెళ్లే నెల దగ్గరపడిందంటే మన రూముల్లో బరువు తగ్గే హడావిడి మొదలవుతుంది. కొందరు రాత్రి అన్నం మానేస్తారు. కొందరు ఆన్‌లైన్‌లో "సన్నబడే కాఫీ" ప్యాకెట్లు తెప్పించుకుంటారు. నెలలో ఐదారు కిలోలు తగ్గి ఫొటోలు పెడతారు. సెలవు అయిపోయి వచ్చిన మూడు నాలుగు నెలలకు ఆ బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

బరువు తగ్గాలనుకోవడం మంచిదే. కానీ వెయింగ్ మిషన్ మీద అంకె ఒక్కటే చూసి సంబరపడితే మోసపోయేది మనమే అని నా అభిప్రాయం. రక్తంలో షుగర్, బీపీ, నడుము కొలత ఇవి కూడా దారికి రావాలి. అప్పుడే తగ్గిన బరువు వల్ల లాభం నిలబడుతుంది.

ఇది ఉత్త మాట కాదు. జర్మనీలో షుగర్ వచ్చే గడప మీద ఉన్నవాళ్ల చేత ఏడాది పాటు తిండి, వ్యాయామం మార్పించి చూశారు. 2023లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. కనీసం 5 శాతం బరువు తగ్గినవాళ్లను రెండు గుంపులుగా విడదీశారు. రెండు గుంపులూ తగ్గిన బరువు దాదాపు సమానమే. కానీ ఒక గుంపుకి షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, రెండో గుంపుకి రాలేదు. తర్వాత రెండేళ్ల వరకూ చూస్తే, మొదటి గుంపులో షుగర్ జబ్బు వచ్చే ముప్పు 73 శాతం తక్కువ. ఎందుకంటే పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వు వాళ్లకి ఎక్కువ కరిగింది. ఇన్సులిన్ చెప్పిన మాట వాళ్ల ఒళ్లు మళ్లీ వినడం మొదలుపెట్టింది.

మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2006లో వచ్చింది. అందులో వాళ్లు రోజూ అరగంట నడవమన్నారు, తిండి మార్చుకోమన్నారు. జనం బరువు పెద్దగా తగ్గలేదు. అయినా షుగర్ జబ్బులోకి జారిపోయేవాళ్లు 28 శాతం దాకా తగ్గారు. మిషన్ మీద కనబడని మేలు లోపల జరిగిందన్నమాట.

"మేం ఎస్టేట్‌లో గెలలు కోసేవాళ్లం, సైట్‌లో సిమెంట్ మోసేవాళ్లం, మాకెందుకు షుగర్?" అని అడిగేవాళ్లున్నారు. కష్టం చేస్తున్నాం, నిజమే. కానీ రోజుకి నాలుగు తె తారిక్, మధ్యలో తియ్యటి డ్రింకులు, రాత్రి పదింటికి పళ్లెం నిండా అన్నం, ఐదు గంటల నిద్ర. కష్టం ఒక్కటే వీటన్నిటినీ మొయ్యలేదు. పైగా మన భారతీయుల ఒంటి తీరు వేరు. సన్నగా కనిపించినా లోపల కొవ్వు పేరుకుంటుందని పుణె డాక్టర్ యాజ్ఞిక్ ఎప్పుడో చూపించారు. అందుకే మనకి నడుము హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. మలేషియా ప్రభుత్వ సర్వే ప్రకారం 2023లో ఇక్కడి పెద్దవాళ్లలో ఆరుగురిలో ఒకరికి షుగర్ ఉంది. మనం తినేదీ తాగేదీ ఆ కడైలోనే కదా.

ఇంకో భ్రమ, "ఫోమెమా పాసయ్యాను, నాకేం లేదు" అనుకోవడం. అక్కడ చూసేది మూత్రంలో షుగర్. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే తప్ప మామూలుగా మూత్రంలో కనబడదు. అంటే 140, 150 ఉన్నవాడు కూడా పాసయిపోతాడు. రక్తపరీక్ష వేరేగా చేయించుకోవాల్సిందే. ఇక్కడి క్లినిక్‌లో చెప్పే అంకె చూసి కంగారు పడొద్దు. దాన్ని 18తో గుణిస్తే మన ఊరి లెక్క వస్తుంది. ఇక్కడ 7 అంటే మనకు 126. పరగడుపున 7 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ జబ్బు కింద లెక్క. 6.1 నుంచి 6.9 మధ్య ఉంటే గడప మీద ఉన్నట్టు. డాక్టరు ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేస్తారు.

కడుపు మాడ్చుకుని తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఆ కండే. బరువు తిరిగొచ్చేటప్పుడు కండ కన్నా కొవ్వే ముందు వస్తుంది. ఇక ఆ కాఫీ ప్యాకెట్ల సంగతి. అలాంటి వాటిలో సిబుట్రమిన్ అనే మందు కలుపుతున్నారని మలేషియా ఆరోగ్య శాఖ చాలాసార్లు హెచ్చరించింది. గుండెకు ప్రమాదమని 2010లోనే అమెరికా, యూరప్ దాన్ని ఆపేశాయి. డబ్బిచ్చి గుండెపోటు కొనుక్కోవడం ఎందుకు?

షుగర్ ముదిరితే మనకు నష్టం ఎక్కువ. బూటులో కాలికి చిన్న పుండు పడినా మానదు. స్పిక్పా బీమా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే, నెలనెలా మాత్రల ఖర్చు మన జేబులోంచే. పని ఆగితే ఊళ్లో అప్పు ఆగదు.

చెయ్యగలిగినవి చెయ్యొచ్చు. కడైలో "తె ఓ కొసొంగ్" అని అడగండి, పాలూ చక్కెరా లేని టీ ఇస్తారు. కొంగ్సీలో వంట చేసే అన్న ఒక గ్లాసు బియ్యం తగ్గించి పప్పు, గుడ్లు, కంకుంగ్ (మన తూటికూరే) పెంచితే పదిమందికి మేలు. రాత్రి తిన్నాక పావుగంట నడవండి. బరువు నెలకి ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలు, కానీ మళ్లీ పెరగకూడదు. ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా భోజనం మానొద్దు, షుగర్ పడిపోయి పని మీదే కళ్లు తిరుగుతాయి.

మన సంఘానికి నాదొక విన్నపం. మూడు నెలలకోసారి ఒక ఆదివారం షుగర్, బీపీ, నడుము కొలిచే ఏర్పాటు చెయ్యాలి. షుగర్ మిషన్ ఒకటి ఉంటే చాలు, సూది మాత్రం ఎవరిది వాళ్లకే, ఒకరిది ఇంకొకరికి వాడకూడదు. ఎవరి అంకె వాళ్లకే చెప్పాలి, మేనేజరు దాకా పోకూడదు. ఆ నమ్మకం లేకపోతే ఎవరూ రారు. దీని మీద మీ రూములో ఏమంటున్నారో గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి.