మెడలోని బిళ్ళ

గజ్జల్లో బిళ్ళ కడితే కాలి మీద పుండు ఎక్కడుందోనని వెతుకుతాం. మెడలో బిళ్ళ కడితే మాత్రం నోరు తెరిచి చూసేవారు తక్కువ. చూడవలసింది అక్కడే.

సృష్టికర్త మన దేహంలో రక్తనాళాలతో పాటు మరొక సన్నని కాలువల వ్యవస్థను అమర్చాడు. కణజాలంలోకి ఊరిన ద్రవం ఈ కాలువల ద్వారా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఈ ద్రవమే శోషరసం. దారి పొడవునా చిక్కుడు గింజల వంటి గ్రంథులు కాపలా కాస్తుంటాయి. దేహంలో అవి కొన్ని వందలు. వాటిలో పెద్ద వాటా మెడలోనే ఉంది. నోరు, ముక్కు, గొంతు గుండా ప్రవేశించే సూక్ష్మజీవులను పట్టి నిలపడం వాటి పని.

క్యాన్సర్ కణాలు కూడా ఆ కాలువల్లోనే పడి ప్రయాణిస్తాయి. గ్రంథి వాటిని పట్టి ఆపుతుంది. కాని అవి అక్కడే పెరగనారంభిస్తే కావలి గదే శత్రువుకు విడిది అవుతుంది. బుగ్గ, నాలుక, చిగుళ్ళ క్యాన్సర్ సాధారణంగా ముందు దవడ కింది గ్రంథులకు, మెడ పైభాగపు గ్రంథులకు చేరి, ఆపై కిందికి దిగుతుంది. ముక్కు వెనుక పుట్టినది మెడకు రెండు వైపులా కనిపించవచ్చు. స్వరతంతువుల మీద పుట్టినదానికి ఒక సౌలభ్యం ఉంది: అక్కడ ఈ కాలువలు చాలా తక్కువ, పైగా గొంతు బొంగురుపోయి రోగి త్వరగా మేల్కొంటాడు.

జ్వరానికో పంటినొప్పికో ఉబ్బిన బిళ్ళ నొప్పి పెడుతుంది, తగ్గిపోతుంది. క్యాన్సర్ బిళ్ళ తొలిదశలో తరచూ నొప్పే పెట్టదు, గట్టిగా ఉంటుంది. “నొప్పి లేదు కదా” అంటూ మన ఇళ్ళలో, ముఖ్యంగా స్త్రీలు, దుపట్టా చాటున నెలలు గడిపేస్తున్నారు. రెండు మూడు వారాలు దాటినా తగ్గని బిళ్ళను, మానని నోటి పుండును వైద్యునికి చూపాలి. సన్నని సూదితో చేసే పరీక్షకు భయపడి వెనుదిరగవలసిన పని లేదు. తావీజు కట్టి ఎదురుచూసేవారితో ఒక మాట: చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశించారు. దుఆ చికిత్సకు తోడు, దానికి బదులు కాదు.

వ్యాధి మెడ గ్రంథులకు పాకితే బ్రతికే అవకాశం సుమారు సగానికి తగ్గుతుందని శస్త్రవైద్యులు చెబుతారు. అందుకే, చేతికి ఏమీ తగలకపోయినా గ్రంథులను ముందే తీసివేయాలా, కనిపించే వరకు ఆగాలా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం తొలిదశ నోటి క్యాన్సర్ రోగులు 500 మందిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించింది. ముందే తీయించుకున్నవారిలో మూడేళ్ళకు 80 శాతం మంది సజీవులు, ఆగినవారిలో 67.5 శాతం. పెళ్ళి పందిట్లో మర్యాదగా పాన్ అందించేవారు కూడా ఒకటి గమనించాలి: పొగాకు కలపని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ణయించింది.

శస్త్రచికిత్స అనగానే చేయి పడిపోతుందని భయపడతారు. 1906లో అమెరికా వైద్యుడు జార్జ్ క్రైల్ వివరించిన పాత పద్ధతిలో గ్రంథులతో పాటు మెడ కండరం, పెద్ద సిర, భుజాన్ని ఎత్తే నరం కూడా పోయేవి. నేడు వీలైనంతవరకు వాటిని కాపాడుతున్నారు. అయినా కొన్ని నెలలు భుజం బిగుసుకుపోవచ్చు. వ్యాయామం నేర్పమని ఆసుపత్రిలోనే అడగాలి. తక్బీరె తహ్రీమాలో చేతులెత్తడం సున్నత్. లేవని చేయి ఎంతవరకు లేస్తే అంతవరకు చాలు, నమాజ్ నెరవేరుతుంది.