కూలీ మోకాలికి ఆసరా ఎవరివ్వాలి?

2015లో ఆడి కార్ల కంపెనీ జర్మనీలోని ఫ్యాక్టరీలో కాళ్లకు తొడుక్కునే ఆసరాను పరీక్షించింది. నడుము, మోకాళ్లు, చీలమండల దగ్గర పట్టీలతో బిగిస్తారు. కార్మికుడు సగం కూర్చున్నట్టు ఆగితే కుర్చీలా బరువు మోస్తుంది. లేచి నడిస్తే అడ్డురాదు.

అక్కడిది గచ్చు నేల. మన వరినాట్లు, కలుపుతీత బురదలో. రోజంతా వంగే ఆడకూలీల నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి కూలిరేటులో లెక్కకు రాదు. వారికి పనికొచ్చే తేలికైన ఆసరాను మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తయారుచేసి, పొలంలోనే, ఆ కూలీలతోనే పరీక్షించాలి. దానిపై సబ్సిడీ పాసుపుస్తకాన్ని చూసి కాదు, పనిచేసే మనిషిని చూసి ఇవ్వాలి.

అయితే పరికరం ఒక్కటే చాలదు. కాలిఫోర్నియా తోటల్లో పొట్టి పిడి పారతో కూలీలను రోజంతా వంచి పనిచేయించేవారు. పొడవు పిడి పార ఉన్నా యజమానులు ఇవ్వలేదు. కూలీలు కోర్టుకెక్కి పోరాడాక 1975లో ఆ రాష్ట్రంలో పొట్టి పారను నిషేధించారు. వాళ్ల నడుము కాపాడింది కొత్త యంత్రం కాదు, పోరాడి తెచ్చుకున్న నిబంధన.

రేపు కాళ్లకు ఆసరా వచ్చిందని గుత్త ఎకరాలు పెంచినా, కూలి తగ్గించినా అది సాయం కాదు, దోపిడీ. పరికరంతోపాటే పనిగంటలు, విశ్రాంతి, కూలి కూడా ఖరారు కావాలి. మన సంఘం అడగాల్సింది ఇదే.