ప్లాటు కొనేముందు రోడ్డు కొలవండి

మొన్న మా ఆడపడుచు గాజులమ్మి ప్లాటు కొంటానంటే నేనూ తోడు వెళ్ళాను. రంగుల కాగితంలో 40 అడుగుల రోడ్డు, పార్కు, చెట్లు! తీరా వెళ్ళి అడుగులేసి కొలిస్తే రాయికీ రాయికీ మధ్య 20 అడుగులైనా లేదు. మనం కట్టే ఆరుగజాల చీరే 18 అడుగులు కదండీ, ఇంచుమించు అంతే. రేపు రెండు పక్కలా ఇళ్ళు లేచి, మెట్లు ముందుకొస్తే అంబులెన్సు ఎలా తిరుగుతుంది? పార్కని గీసిన చోట కూడా నంబరు రాళ్ళు పాతేశారు.

"సర్పంచి సంతకం ఉందమ్మా" అన్నాడా అబ్బాయి. అదొక్కటే చాలదు. లేఅవుట్‌కి డి.టి.సి.పి. లేదా ఆ ప్రాంత అభివృద్ధి సంస్థ ఆమోదం ఉండాలి. మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీగా వదలాలి. రోడ్లు, పార్కు పంచాయతీకో మునిసిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసిచ్చారా అని తప్పకుండా అడగండి. ఆ కాగితం లేని పార్కు ఎప్పుడు ప్లాటవుతుందో చెప్పలేం. 500 చదరపు మీటర్లు, 8 ప్లాట్లు దాటిన లేఅవుటైతే రెరా నంబరు కూడా చూడాలి.

2020లో తెలంగాణలో ఎల్.ఆర్.ఎస్. పెట్టినప్పుడు, ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో కొన్నవాళ్ళకి మామూలు రుసుము కాక ప్లాటు విలువలో 14 శాతం అదనంగా పడింది. వదలనిది అమ్మినవాడు, కట్టేది మనమూనా!

"రేటు పెరిగితే నీదే పూచీ వదినా" అంటూ గాజులు మళ్ళీ తొడుక్కుంది మా ఆడపడుచు. ఇంకా నాతో ముభావంగానే ఉంది.