సూక్ష్మజీవుల పాఠం పెరుగు గ్లాసుతో మొదలవ్వాలి



పోయిన వారం డ్రమ్ములో జీవామృతం కలుపుతుంటే, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి "నాన్నా, బ్యాక్టీరియా అంటే రోగాలే కదా, కావాలని పెంచుతున్నావేంటి?" అని అడిగింది. పరీక్షలో లాక్టోబాసిల్లస్ అని రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లే. ఇంట్లో రోజూ పాలు తోడుపెట్టేదీ తనే. ఆ రెండూ ఒకటేనని మాత్రం తట్టలేదు. తప్పు పిల్లది కాదు, పాఠం చెప్పే పద్ధతిది.

నా మాట ఒక్కటే. హైస్కూల్లో ఈ పాఠం బోర్డు మీద కాదు, వంటింట్లో మొదలవ్వాలి. మేం ఇంట్లో చేసిందే పై వీడియోలో పెట్టాను.

కాచిన పాలు నాలుగు గ్లాసుల్లో తీసుకోండి. మొదటిదాంట్లో గోరువెచ్చని పాలు, చెంచా తోడు. రెండోదాంట్లో అప్పుడే దించిన సలసల కాగే పాలు, అంతే తోడు. మూడోది గోరువెచ్చని పాలే, తోడు వేయొద్దు. నాలుగోది చల్లారిన పాలలో తోడు వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏది తోడుకుంటుందో, ఎందుకో ప్రతి పిల్లా ముందే నోటు పుస్తకంలో రాయాలి. పాఠానికి ప్రాణం అక్కడే ఉంది.

తెల్లారి చూస్తే మొదటిదే గట్టిగా తోడుకుంది. నాలుగోదాన్ని బయట పెడితే సాయంత్రానికి అదీ తోడుకుంది. అంటే వేడి సూక్ష్మజీవుల్ని చంపేసింది, చలి మాత్రం నిదానింపజేసింది. ఇది చూసిన పిల్లకి ఫ్రిజ్ ఎందుకో, పాలు ఎందుకు కాయాలో వేరే చెప్పక్కర్లేదు.

రెండో రోజు ఇడ్లీ పిండి. గాజు సీసాలో సగానికి పోసి, మట్టం దగ్గర దారం కట్టండి. రాత్రికి పిండి దారం దాటి పొంగుతుంది. పొంగించింది సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్. అదే మినుము మొక్కని చేలోంచి జాగ్రత్తగా పీకి, వేరు బుడిపెని గోటితో చిదిమి చూపించండి. లోపల గులాబీ రంగు ఉంటే రైజోబియం నత్రజని పట్టే పనిలో ఉన్నట్టు. పిండిలోనూ వేరులోనూ పనిచేసేది కంటికి కనపడని జీవాలే.

ఒక జాగ్రత్త. బడిలో ప్రయోగానికి పెట్టింది ఎవరూ తినకూడదు. చేతులు సబ్బుతో కడగాలి. మంచి సూక్ష్మజీవులున్నాయంటే అన్నీ మంచివని కాదు.

ఇక మన సంగతి. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి వేస్తాం. బెల్లం ఎందుకని పిల్లలు అడిగితే "కోట్ల సూక్ష్మజీవులు పెరుగుతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అలా నమ్మమనడం కూడా బట్టీయే. బెల్లం వేసి ఒక బకెట్, వేయకుండా ఒక బకెట్ పెట్టి, నురగ, వాసన రోజూ రాయమందాం. చేలో కూడా ఒక సాలు జీవామృతం లేకుండా వదిలి చూడమందాం. మూడో గ్లాసు నేర్పేది అదే, పోల్చి చూడకుండా ఏదీ తేలదు. ఫలితం మనకి నచ్చకపోయినా సరే, పిల్లలు రాసిందే రాయనివ్వాలి.

రేపు ఈ చేను చేసేది ఆ పిల్లలే. మనం చెప్పామని చేసేవాళ్లు కష్టమొస్తే మానేస్తారు. కళ్లతో చూసి తెలుసుకున్నవాళ్లు నిలబడతారు.

మీ ఊరి సైన్సు మాస్టారికి ఈ వీడియో చూపించండి. ఒక పూట పిల్లల్ని మీ చేనుకి పిలవండి. ఉంటాను.