పదవిని విడుచుట

ఐర్లండు చరిత్రమును జదివినవారికి పార్నెల్ పేరు సుపరిచితము. 1879లో పంటలు చెడి కౌలురైతులు అలమటించుచుండ, నాతఁడు లాండ్ లీగు అను రైతుసంఘమునకు అధ్యక్షుఁడై వారి పక్షమున నిలిచెను. బ్రిటిషు పార్లమెంటులో ఐరిషు సభ్యుల నొక్కత్రాటిపై నడిపి స్వపరిపాలనకై పోరాడెను. కాని 1890లో, అతని సొంత జీవితమునకు సంబంధించిన యొక వ్యాజ్యము రచ్చకెక్కఁగా, నాయకత్వమును విడువుమని అనుచరులలో పెక్కురు వేఁడినను అతఁడు విడువలేదు. కక్షి రెండుగాఁ జీలెను. మఱుసటి యేఁట, 45 ఏండ్ల వయసున, నతఁడు మరణించెను. అంతటి సేవకు అట్టి ముగింపు కలిగినందుకు మేము చింతించుచున్నాము.

వానకు మొగము వాచిన మన యనంతపురము సీమలోనే దీనికి భిన్నమైన యుదాహరణము గలదు. 1913లో ఇల్లూరు గ్రామమున జన్మించిన నీలం సంజీవరెడ్డిగారు 1931లో చదువు మాని స్వాతంత్ర్యోద్యమమునఁ బ్రవేశించిరి. 1956లో ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రియైరి. 1962లో మరల నా పదవి నలంకరించిరి. కర్నూలు జిల్లా బస్సు మార్గముల జాతీయకరణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ప్రతికూల వ్యాఖ్యలు చేయఁగా, 1964లో రాజీనామా నిచ్చిరి. 1969లో రాష్ట్రపతి యెన్నికయందోడి, స్వస్థలమునకు వచ్చి సేద్యము చేసికొనిరి. 1977లో రాష్ట్రమునందలి 42 లోక్‌సభ స్థానములలో జనతా పక్షమునకు దక్కినది నంద్యాల యొక్కటే. అచ్చట గెలిచినవారు వీరే. ఆ యేఁడే పోటీ లేకయే రాష్ట్రపతియైరి.

తప్పు చేయనివాఁడు తొలఁగనేల యని కొందఱు ప్రశ్నింతురు. రాజీనామా చేసినంతమాత్రమున చేసిన పని యొప్పు గాదు, తప్పును గాదు. ఆ సంగతి మేమెఱుఁగుదుము. అయినను పదవి మన సొత్తు గాదు. పదిమంది నమ్మి మనచేత నుంచిన యప్పగింత. ఆ నమ్మకమునకు నెరసు వచ్చినపుడు దానిని వారి ముందు మరల నుంచుటయే ధర్మమని మా యభిప్రాయము. అట్లు చేసినవానిని ప్రజలు మరల పిలువవచ్చును, పిలువకపోవచ్చును; పిలువకున్నను సేద్యమునకు మన నేల యున్నది.

విద్యార్థులారా! తరగతి నాయకత్వమైనను, ఆటల జట్టు పెత్తనమైనను చిన్న పదవి గాదు. దానిని సంపాదించు నేర్పు మీకుఁ బలువురు గఱపుదురు. విడువవలసిన వేళ నెఱుఁగుట మాత్రము మీకు మీరే నేర్చుకొనవలయును.