పీఎఫ్ తీసేసుకుంటున్న వారికి ఒక హెచ్చరిక

భవిష్య నిధి ఖాతాను చివరిసారిగా మూసేసే నాటికి సగం మంది సభ్యుల ఖాతాల్లో 20 వేల రూపాయలు కూడా ఉండటం లేదు. నూటికి 75 మంది దగ్గర 50 వేలు లేవు. పింఛను నిధి సంగతి ఇంకా ఘోరం. అందులోనూ నూటికి 75 మంది నాలుగేళ్ల సర్వీసు లోపలే ఉన్నదంతా తీసుకుని వెళ్లిపోతున్నారు. ఇవి ఏ ప్రతిపక్షమో విసిరిన అంకెలు కావు, 2025 అక్టోబరులో కేంద్ర కార్మిక శాఖే బయటపెట్టిన లెక్కలు. ఇవాళ పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు ఉన్నవాళ్లు ఒంట్లో ఓపిక ఉడిగాక ఎలా బతకబోతున్నారో ఈ అంకెలు ఇప్పుడే చెబుతున్నాయి.

ఇవి బయటికి రావడానికి కారణం ఒక గొడవ. సభ్యుడి ఖాతాలో ఎప్పుడూ కనీసం నాలుగో వంతు ఉంచాలని, ఉద్యోగం పోయినవాళ్లు మొత్తం సొమ్ము తీసుకోవాలంటే రెండు నెలలు కాదు, ఏడాది ఆగాలని, పింఛను సొమ్ముకైతే మూడేళ్లు ఆగాలని ఈపీఎఫ్‌వో ధర్మకర్తల మండలి ఆ నెలలో నిర్ణయించింది. వెంటనే దుమారం లేచింది. మా డబ్బు మాకివ్వడానికి మీకేం నొప్పి అని ఉద్యోగులు నిలదీశారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పీఎఫ్‌లో వెనకుంది అంటూ క్లెయిమ్ తిప్పికొట్టే ఆఫీసు మీద ఎవరికి మాత్రం ప్రేమ ఉంటుంది? ఉద్యోగం ఊడినవాడికి ఇంటద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. అయితే అంత రభసలోనూ అరవై తర్వాత మా గతేమిటన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు. మా భయమల్లా దాని గురించే.

పాశమైలారంలో, గాజువాకలో, శ్రీసిటీలో పనిచేసే కుర్రాళ్లను అడిగి చూడండి. పీఎఫ్ అంటే వాళ్లకు ముసలితనం గుర్తురాదు. కంపెనీ మారినప్పుడల్లా చేతికొచ్చే బోనస్ గుర్తొస్తుంది. ఒక కంపెనీలో రెండేళ్లు చేస్తారు, మానేస్తారు, కొన్నాళ్లు ఆగి నెట్ సెంటర్‌కు వెళ్లి ఫారం 19, ఫారం 10సీ రెండూ పెట్టిస్తారు. వచ్చిన ముప్ఫయ్యో నలభయ్యో వేలు బండి డౌన్ పేమెంటుకో, చెల్లెలి పెళ్లి ఖర్చుకో, పాత అప్పు వడ్డీకో పోతాయి. కొత్త కంపెనీలో మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలు. పదేళ్లలో నాలుగు కంపెనీలు మారితే నాలుగుసార్లు సున్నా. విత్తనాలు వండుకు తినడమంటే ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని నష్టం ఒకటుంది. ఫారం 19తో పోయేది పీఎఫ్ సొమ్ము. ఫారం 10సీ పెట్టి డబ్బు తీసుకుంటే పోయేది సర్వీసే. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్)లో నెలనెలా పింఛను రావాలంటే మొత్తం మీద పదేళ్ల సర్వీసు ఉండాలి. అది ఒకే కంపెనీలో కానక్కర్లేదు, నాలుగు చోట్ల చేసినా కలిపి లెక్కిస్తారు. కానీ మధ్యలో 10సీ మీద డబ్బు తీసుకుంటే అప్పటివరకు చేసిన సర్వీసు లెక్కలోంచి ఎగిరిపోతుంది. దానికి బదులుగా దక్కేది ఏడాది సర్వీసుకు దాదాపు ఒక నెల జీతం, అది కూడా 15,000 రూపాయల పరిమితికి లోబడే. యజమాని మీ పేరున జమచేసింది ఇంచుమించు అంతే కాబట్టి, ఇన్నేళ్లకు మీకు ముట్టిన వడ్డీ దాదాపు శూన్యం. అదే ఫారంలో డబ్బుకు బదులు, ఆ సర్వీసును లెక్కలో నిలిపే స్కీమ్ సర్టిఫికెట్ కోరే వీలుంది. ఆ మాట నెట్ సెంటర్ కుర్రాడు చెప్పడు, కంపెనీ హెచ్‌ఆర్ చెప్పదు.

పీఎఫ్ సొమ్ము సంగతికి వద్దాం. 28 ఏళ్ల వయసులో తీసేసుకున్న లక్ష రూపాయలు అక్కడే ఉండి, ఇప్పుడిస్తున్న 8.25 శాతం వడ్డీయే కొనసాగితే, 58 ఏళ్లకు పదిన్నర లక్షలు దాటుతాయి. నిజమే, అప్పటి పదిన్నర లక్షలు ఇప్పటి పదిన్నర లక్షలు కావు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే ఆ మొత్తానికి ఇవాళ్టి విలువ రెండు లక్షల లోపే. అయినా ధరల దెబ్బ కాచుకుని దాదాపు రెట్టింపైనట్టే కదా. బండి రెట్టింపు కాదు.

ధరల మాట వచ్చింది గనుక ఇంకో లెక్క. మీ వయసు 35, ఇంటి ఖర్చు నెలకు 40 వేలు అనుకోండి. అదే 6 శాతం చొప్పున, మీకు అరవై వచ్చేసరికి ఇదే ఇంటిని ఇదే తీరుగా నడపడానికి నెలకు లక్షా 70 వేలు కావాలి. మందుల ఖర్చు ఇందులో లేదు. ఈ లెక్క చెబితే చాలామంది నవ్వేస్తారు, లేదంటే మాట మారుస్తారు.

పీఎఫ్‌తోపాటు పింఛనూ వస్తుందిగా అని నిశ్చింతగా ఉన్నవారు దాని సూత్రం ఒకసారి చూసుకోవాలి. పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మీ జీతం 60 వేలైనా, అధిక పింఛనుకు ఆప్షన్ ఇచ్చి అర్హత పొందినవారు తప్ప మిగతా అందరికీ లెక్క 15,000 మీదే. ఇరవయ్యేళ్లు చేస్తే మరో రెండేళ్లు కలుపుతారు, అప్పుడు వచ్చేది నెలకు 4,714 రూపాయలు. ముప్ఫై మూడేళ్లు చేస్తే 7,500. ఇక 2014 సెప్టెంబరు తర్వాత 15,000కు మించిన బేసిక్‌తో తొలి ఉద్యోగంలో చేరినవారికి ఈ పథకంలో అసలు చోటే లేదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పదేళ్లుగా చేస్తున్నవారిలో ఎందరికో పింఛను ఖాతాయే లేదు, ఆ సంగతి తెలిసినవారూ తక్కువే. యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడుతుంది కనుక, దాన్ని కూడా ఫ్లాటు కోసం తీసేస్తే అరవై తర్వాత నెలనెలా వచ్చేదంటూ ఏమీ ఉండదు.

ఒక విడ్డూరం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పేద వృద్ధులకు ప్రభుత్వం నెలకు 4,000 రూపాయలు ఇస్తోంది. 15,000 జీతం లెక్క మీద ఈపీఎస్ కింద అంత పింఛను రావాలంటే దాదాపు 19 ఏళ్ల సర్వీసు కావాలి. పాత కాలపు తక్కువ జీతాల మీద రిటైరైన ఆర్టీసీ కండక్టర్లు, స్పిన్నింగ్ మిల్లుల కార్మికులు ఎందరో అంతకన్నా తక్కువ తీసుకుంటున్నారు. ఈపీఎస్ కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలు చేశారు, ఇప్పటికీ అంతే. 7,500 చేయండని పింఛనుదారులు ఏళ్ల తరబడి ఢిల్లీ దాకా వెళ్లి మొత్తుకుంటున్నారు. జీతం పరిమితి 15,000 కూడా 2014లో పెట్టిందే. ఈ మధ్యలో గ్యాస్ బండ, కందిపప్పు ఎక్కడికి వెళ్లాయో ఢిల్లీకి తెలియనిది కాదు. ఇది కేంద్రం చేస్తున్న అన్యాయం, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ అన్యాయాన్ని సాకుగా చూపి మన చేతిలో ఉన్నదాన్నీ మనమే పోగొట్టుకోవడం వేరే సంగతి.

పోనీ ఆ నాలుగు వేలైనా వస్తాయిలే అనుకోకండి. ఇంట్లో కారుంటే రాదు. ఆదాయపు పన్ను కట్టే మనిషి ఇంట్లో ఉంటే రాదు. ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా అంతే. ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైన మధ్యతరగతి మనిషి ప్రభుత్వం కంట్లో పేదవాడు కాడు, బ్యాంకు ఖాతాలో ధనవంతుడూ కాడు.

పింఛను విలువ తెలిసినవారు మన మధ్యే ఉన్నారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు వాటా చెల్లింపుల పింఛను పథకం (సీపీఎస్) రద్దు చేయాలని ఎన్నేళ్లుగా రోడ్డెక్కుతున్నారో చూస్తూనే ఉన్నాం. వాళ్ల డిమాండు ఖజానా మోయగలదా అన్నది వేరే చర్చ. కానీ ముసలితనం గురించి వాళ్లు చేస్తున్న ఆలోచనలో పదోవంతు కూడా ప్రైవేటు ఉద్యోగి చేయడం లేదు. ఇంటర్వ్యూలో అతను అడిగేది ఒక్కటే: చేతికి ఎంతొస్తుంది? బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే పీఎఫ్ కోత తగ్గి చేతికొచ్చేది పెరుగుతుందని కంపెనీ చెబితే సంతోషంగా సంతకం పెడతాడు. ఆ సంతకంతో మిగిలేది ఎక్కువగా కంపెనీకే, ఎందుకంటే దాని వాటా కూడా తగ్గుతుంది.

పిల్లలు చూసుకుంటారన్న ధీమా మాటేమిటి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8 మంది. మరికొందరిని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024లో బహిరంగంగా చెప్పే దాకా వచ్చింది. నలుగురు కొడుకులు తలా మూడు నెలలు వంతులేసుకుని చూసిన కాలం కాదిది. ఉన్న ఒక్క కొడుకుకో కూతురుకో ఇటు అమ్మానాన్న, అటు అత్తమామలు. నడుమ ఇంటి ఈఎంఐ. వాళ్లకు ప్రేమ లేక కాదు, చేతిలో మిగలక. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది, దాని కింద ట్రిబ్యునల్ ఇప్పించగల భరణం నెలకు 10,000కు మించదు. కన్నబిడ్డ మీద ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకునే తల్లులు ఎంత మంది ఉంటారు? ఆస్తి రాసివ్వక తప్పకపోతే, బతికినంత కాలం చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోండి. అది లేకపోతే తర్వాత చిక్కులు తప్పవు.

ఇక ప్లాటు. మన వాళ్ల నమ్మకమంతా భూమి మీదే. భారతీయ కుటుంబాల ఆస్తిలో 77 శాతం స్థిరాస్తి, 11 శాతం బంగారం, బ్యాంకు డిపాజిట్లు, పింఛన్లు వగైరా కలిపి 5 శాతమేనని రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ 2017లోనే తేల్చింది. భూమి కొనవద్దని ఎవరూ అనరు. కానీ ఊరి చివర ఖాళీ ప్లాటు నెలనెలా మందులకు డబ్బివ్వదు. అమ్ముదామంటే అవసరం వచ్చిన రోజున కొనేవాడు రాడు, వచ్చినా మీ అవసరం చూసి బేరమాడతాడు. అధిక వడ్డీ ఆశ చూపే కంపెనీల సంగతి చెప్పనే అక్కర్లేదు. అగ్రిగోల్డ్‌లో లక్షల మంది చిన్న మదుపుదారులు ఎలా నలిగిపోయారో రెండు రాష్ట్రాలూ చూశాయి.

కనుక ఈ వారంలోనే కొన్ని పనులు పూర్తిచేయండి. యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ తెరిచి చూడండి, పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేసిందో లేదో గమనించండి. పాత ఖాతాల సొమ్ము కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. అయిదేళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే పన్ను కూడా పడుతుంది, బదిలీ చేస్తే పాత సర్వీసూ కలుస్తుంది. నామినీ పేరు నమోదు చేయండి. డబ్బు నిజంగా అవసరమైతే అవసరమైనంతే అడ్వాన్సుగా తీసుకోండి, ఖాతా మూయకండి. 10సీ జోలికి వెళ్లాల్సి వస్తే స్కీమ్ సర్టిఫికెట్టే అడగండి.

పీఎఫ్ లేని ఆటో డ్రైవర్లు, దర్జీలు, డెలివరీ బాయ్‌లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అటల్ పింఛను యోజన ఉంది. అరవై తర్వాత నెలకు 5,000 రావాలంటే 18 ఏళ్లకు చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే చాలు, 30 ఏళ్లకు చేరితే 577, 40కి చేరితే 1,454. చేరినవారిలో అత్యధికులు వెయ్యి రూపాయల పింఛనే ఎంచుకుంటున్నారు. కట్టగలిగితే అయిదు వేలదే ఎంచుకోండి, అది కూడా ధరల ముందు పెద్ద మొత్తమేమీ కాదు. ఆదాయపు పన్ను కట్టేవారు ఇందులో చేరలేరు, కానీ పన్ను కట్టని భార్య చేరవచ్చు. చాలా ఇళ్లలో భర్త పోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా బతకాల్సింది ఆమే. నలభై దాటితే ఈ పథకంలో ఎవరినీ చేర్చుకోరు. ఇంట్లో ఎవరికైనా 39 నడుస్తుంటే రేపే బ్యాంకుకు వెళ్లండి.